గొట్టానికీ సీసానికీ మధ్య చిటికెన వేలంత సందు

నేను రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, అక్టోబరు మొదటి సోమవారం ఉదయం, మా రేకు పని షాపు యజమాని గ్లెన్ నా బల్ల మీద ఒక వర్క్ ఆర్డర్ పెట్టాడు. అందులో రెండే వరుసలున్నాయి. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో నది పక్కనున్న పాత వీధిలో ఒక రాతి ఇంటికి, ఇల్లు వెచ్చబెట్టే కొత్త బాయిలర్ పెడుతున్నారు. దాని పొగ గొట్టం పైకప్పు దాటి బయటికి వచ్చే చోట సీసంతో ఫ్లాషింగ్ చేసి బిగించాలి. అడుగున "ఫోర్‌మన్ స్వయంగా చేయాలి" అని గీత గీసి మరీ రాశాడు. ఆ ఫోర్‌మన్‌ని నేనే.

ఫ్లాషింగ్ అంటే కప్పుకి చిల్లు పెట్టినప్పుడు ఆ చిల్లు చుట్టూ వేసే రేకు తొడుగు. కప్పు మీద పరుచుకునే పలక ఒకటి, గొట్టం చుట్టూ నిలబడే గొట్టంలాంటి భాగం ఒకటి, రెండూ కలిసి టోపీని బోర్లించినట్టు ఉంటాయి. ఇక్కడి మామూలు ఇళ్ళకుండే తారు అట్టల కప్పుకి, షింగిల్స్ అంటారు, ఇది దుకాణంలో రెడీమేడ్‌గా దొరుకుతుంది. తెచ్చి, నాలుగు మేకులు కొట్టి దిగిపోవచ్చు. కానీ ఈ ఇంటి కప్పు స్లేట్. అంటే రాతి పలకలు, చేపకి పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ఏ రెండు పలకల మందమూ ఒకటి కాదు. అల్యూమినియం రేకు వాటి మీద కూర్చోదు, లేచి నిలబడుతుంది. సీసం అలా కాదు, చెక్క సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే ప్రతి ఎత్తుపల్లాన్నీ పట్టుకుని పడుకుంటుంది. పైగా ఆ వీధి అంతా పురాతన కట్టడాల జాబితాలో ఉంది, కప్పు మీద ఏది పడితే అది పెట్టనివ్వరు.

గ్లెన్ నన్నే ఎందుకు అడిగాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. విశాఖపట్నంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు నేను లెడ్ బర్నర్‌ని. ఆసిడ్ నిలవ ఉంచే ఇనుప ట్యాంకులకి లోపల సీసం రేకు పరిచి, అతుకుల్ని సన్నటి గ్యాస్ మంటతో కరిగించి ఒకటిగా చేసే పని అది. టంకం వాడరు. సీసానికి సీసమే అతుకు. కెనడా వచ్చాక ఆ అనుభవం కాగితాలు చూపించి, అప్రెంటిస్‌షిప్ చేయకుండానే షీట్ మెటల్ పరీక్షకి అప్లై చేశాను. రెండోసారికి పాసయ్యాను. జర్నీమన్ అంటే పూర్తి లైసెన్సున్న పనివాడు. అక్కడ మొదలుపెట్టి ఫోర్‌మన్ అయ్యేసరికి తల నెరిసింది. ఆ ఇరవై రెండేళ్ళలో నేను చేసిందంతా గాలి గొట్టాలు, డక్టులు. సీసం ముట్టుకున్న రోజులు వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు. అందుకే ఆ ఆర్డర్ చూడగానే చిన్నప్పటి స్నేహితుడు ఊళ్ళోకి వచ్చాడని తెలిసినంత సంబరమైంది. ఆ సంబరమే నన్ను ముంచిందని తర్వాత తెలిసింది.

అడ్రస్ చూస్తే ఇల్లు తెలిసినవాళ్ళదే. రూతమ్మ గారు మా తెలుగు సంఘంలో పెద్దావిడ. కాకినాడలో నర్సుగా చేసి, ఇక్కడికొచ్చాక ఇంట్లోనే డేకేర్ నడుపుతున్నారు. లైసెన్సుతోనే. ఆరుగురు పిల్లలు, అందులో ముగ్గురు రెండేళ్ళలోపు వాళ్ళు. తల్లుల్లో ఎక్కువమంది వేర్‌హౌసుల్లో, ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు. పొద్దున ఆరు కాకముందే ఆ ఇంటి ముందు కార్లు ఆగుతాయి. పసిపిల్లలు పడుకునే గది మేడ మీద, సరిగ్గా అటక కింద. బాయిలర్ గొట్టం బేస్‌మెంట్ నుంచి ఆ గది మూలలో కట్టిన పెట్టె గుండా పోయి, అటక దాటి, కప్పు మీద తేలుతుంది.

కొలతలకి వెళ్ళిన రోజు రూతమ్మ గారు అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ప్రభుదాసు గారూ, పాత చిమ్నీ పదేళ్ళు కారిందండి. ఇది కారదు కదా?"

"ఆసిడ్ కారనివ్వని చెయ్యి అండి ఇది. వాన నీళ్ళెంత?" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉందో ఇప్పటికీ గుర్తుంది. తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

పని క్రమం ఇది. ముందు కప్పు వాలు కొలవాలి. నీటిమట్టం బద్దని అడ్డంగా పట్టుకుని, పన్నెండు అంగుళాల దూరానికి కప్పు ఎన్ని అంగుళాలు దిగుతుందో చూస్తాం. ఇక్కడ పది. బాగా నిటారు కప్పు, తాడు కట్టుకోకుండా నిలబడలేం. తర్వాత గొట్టం చుట్టుకొలత, కాగితం పట్టీ చుట్టి గుర్తు పెట్టుకోవడమే. గొట్టం నిటారుగా నిలబడుతుంది, కప్పు వాలుగా ఉంటుంది కాబట్టి పలకలో కోసే చిల్లు గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. నిలబడే భాగం అడుగు అంచు కూడా తిన్నగా ఉండదు, అలలాగా వంగుతుంది. ఆ అల గీయడానికి వృత్తాన్ని పన్నెండు భాగాలు చేసి, ఒక్కో గుర్తు నుంచి వాలు గీత మీదికి నిలువు గీతలు దించి, వాటి పొడవుల్ని విప్పిన కాగితం మీద వరసగా పేర్చి, చివర్లని చేత్తో కలపాలి. ఇప్పుడు కంప్యూటర్ క్షణంలో గీసిస్తుంది. నేను మాత్రం పెన్సిల్‌తోనే గీశాను. కుర్ర జర్నీమన్‌లు ఇద్దరు చుట్టూ చేరి చూస్తుంటే మరీ నెమ్మదిగా గీశాను.

సీసం రేకుని ఇక్కడ బరువుతో పిలుస్తారు. చదరపు అడుగు నాలుగు పౌన్లు తూగే రేకు తీసుకున్నాను. కోసి, అతికే అంచుల్ని గీకుడు కత్తితో మెరిసేదాకా గీకాను. గాలి తగిలి నల్లబడ్డ పొర మీద అతుకు నిలవదు. చెక్క దిమ్మ చుట్టూ రేకుని తట్టి గుండ్రం చేసి, మంట చిన్నది చేసుకుని అతికించాను. ఇనుము కరిగే ముందు ఎర్రబడి హెచ్చరిస్తుంది. సీసం ఏ హెచ్చరికా ఇవ్వదు. మెరుపు మారినట్టు అనిపించిన మరుక్షణం కరిగి కారిపోతుంది. ఆ అనిపించడానికీ కారడానికీ మధ్య మంట పక్కకి తీయాలి. పాతికేళ్ళ తర్వాత కూడా చెయ్యి మర్చిపోలేదు. అతుకు మీద చేప పొలుసుల్లాంటి చిన్న చిన్న అలలు వరసగా పడ్డాయి. ముఖానికున్న మాస్కు తీసి, చేతులు కడుక్కుని, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకున్నాను.

కప్పు మీద స్లేట్ పలకలు తీసి మళ్ళీ పేర్చే పని మాన్యుయెల్‌ది. పోర్చుగీసు ద్వీపాల నుంచి వచ్చిన మనిషి, డెబ్భై దగ్గరికొచ్చాడు. స్లేట్ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు ఈ చుట్టుపక్కల తక్కువ, మా షాపు ఎప్పుడు అవసరమైనా ఆయన్నే పిలుస్తుంది. నా తొడుగుని గొట్టం మీంచి దింపగానే ఆయన ఆగి చూశాడు. అది గొట్టానికి ఒంటికి కుట్టించిన చొక్కాలా అతుక్కుపోయింది. నేను కావాలనే అలా కొలిచాను. దానితో ఆగలేదు. పై అంచుని గొట్టం మీదికి తట్టి, స్టీలు పట్టీ చుట్టి బిగించి, వేడికి తట్టుకునే జిగురు పూశాను.

మాన్యుయెల్ ఇంగ్లిషు కొద్దిగా, నాది ఆయనకంటే కొంచెం ఎక్కువ. ఆయన చెప్పిందాని సారాంశం, గొట్టాన్ని అలా పట్టుకోకు, దానికి చోటు వదులు అని. నేను వినిపించుకున్నాను కానీ చెవిన పెట్టలేదు. సందు వదలమనడం పని తొందరగా ముగించేవాళ్ళ మాట అనుకున్నాను. ట్యాంకులో వెంట్రుకంత సందు ఉన్నా ఆసిడ్ వెతుక్కుని పోతుంది. మా ఫ్యాక్టరీలో అలా వదిలినవాడికి మర్నాడు పని ఉండేది కాదు. ఆయనకి ఆ సంగతి వివరించాను కూడా. ఆయన తల ఊపి తన పలకలు తాను పేర్చుకున్నాడు.

అన్నిటికీ పైన గొట్టానికి ఒక గొడుగు రేకు వేస్తారు, స్టార్మ్ కాలర్ అంటారు. తొడుగు పై అంచు మీద వాన పడకుండా అది కాస్తుంది. అది వేశాక నా పట్టీ ఎవరికీ కనిపించలేదు. గ్యాస్ ఇన్‌స్పెక్టర్ వచ్చి గొట్టం చుట్టూ చెక్కలకి ఎంత దూరం ఉందో, జాయింట్లు తాళం పడ్డాయో లేదో చూసి, పాస్ చేసి వెళ్ళాడు. రూతమ్మ గారు కింద నుంచి ఫోటో తీసి మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నలభై మంది చప్పట్లు కొట్టారు. నేను వినయంగా చేతులు జోడించే బొమ్మ పెట్టి, సాయంత్రందాకా ఫోను చూసుకుంటూనే ఉన్నాను.

ఫిబ్రవరిలో రెండు వారాలు గట్టి చలి పట్టింది. తర్వాత మంగళవారం నాడు ఒక్కసారిగా వెచ్చబడి కప్పుల మీద మంచు కరగడం మొదలైంది. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరుస్తుంటే రూతమ్మ గారు ఫోన్ చేశారు.

"ప్రభుదాసు గారూ, పిల్లలు పడుకునే రూమ్‌లో సీలింగ్ మీద మరక వచ్చిందండి. టీ ఒలికినట్టు."

"గొట్టం మూలనేనా?"

"ఆ మూలనే. పొద్దున అరచేయంత ఉంది, ఇప్పుడు పళ్ళెమంత అయ్యింది. ఏజెన్సీ ఆవిడ ఇప్పుడే విజిట్ చేసి వెళ్ళారు. చెప్పకుండా వస్తారు కదా. ఆ రూమ్ వాడొద్దని రాసిచ్చారు."

లైసెన్సున్న డేకేర్లని చూసిపోవడానికి ఏజెన్సీ తరఫున ఒక ఉద్యోగిని వస్తుంటుంది. ఆవిడ రాసిన షరతు స్పష్టంగా ఉంది. నీరు ఎందుకు కారిందో, ఏం బాగు చేశారో, మళ్ళీ కారదని ఎలా చెప్పగలరో లైసెన్సున్న పనివాడి సంతకంతో శుక్రవారం సాయంత్రంలోపు కాగితం రావాలి. రాకపోతే సోమవారం నుంచి ఆ ముగ్గురు పసిపిల్లల్ని రూతమ్మ గారు తీసుకోకూడదు.

నేను ఆలోచించకుండానే జవాబిచ్చాను. "స్లేట్ పలక ఏదో పగిలి ఉంటుందండి. మాన్యుయెల్‌ని పంపిస్తాను."

నా తొడుగు చిరిగి ఉండొచ్చన్న అనుమానమే నాకు రాలేదు. ఆ నిమిషంలో నేను డెబ్భై ఏళ్ళ మనిషిని, తప్పు ఆయనదే అన్న నమ్మకంతో, మంచు కప్పు ఎక్కడానికి పంపుతున్నాను.

సాయంత్రం మరక చూద్దామని నేనూ వెళ్ళాను. పిల్లల్ని తీసుకెళ్ళే వేళ. ప్రశాంతి అని కరీంనగర్ అమ్మాయి, వేర్‌హౌస్‌లో కొత్తగా చేరింది, తొమ్మిది నెలల బాబుకి టోపీ పెడుతూ నన్ను చూసి లేచింది.

"అంకుల్, మండే వరకు అయిపోతదా? నేనింకా ప్రొబేషన్‌లనే ఉన్న. షిఫ్ట్ మిస్ అయితే మళ్ళ రానియ్యరు. బాబును ఇంకెక్కడ పెట్టాలె?"

"అయిపోతుందమ్మా," అన్నాను.

రూతమ్మ గారు పసిపిల్లల మంచాలు మూడూ కిందికి దించి హాల్లో సోఫా వెనక పెట్టుకున్నారు. మేడ మెట్ల దగ్గర గేటు వేసి, గది తలుపు మీద ఏజెన్సీ కాగితం అతికించారు. నా వైపు చూసిన చూపులో నిష్ఠూరం ఉంటే నేనేదో ఒక మాట చెప్పి ఉండేవాణ్ణి. అందులో నమ్మకమే ఉంది, అది మోయడం కష్టం.

బుధవారం పొద్దున మాన్యుయెల్ నిచ్చెన వేసి ఎక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. పది నిమిషాలకి పైనుంచి నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. తాడు కట్టుకుని వెళ్ళేసరికి ఆయన స్టార్మ్ కాలర్ వదులు చేసి పైకి జరిపి ఉంచాడు. స్లేట్ పలకలన్నీ పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. నా తొడుగు, దాని అడుగు పలక నుంచి లేచే మడత దగ్గర, వెనక వైపు సగం చుట్టు చిరిగిపోయింది. అతుకు చెక్కు చెదరలేదు. అతుకు పక్కన రేకే చిరిగింది.

ఏం జరిగిందో చూడగానే అర్థమైంది, అదే తల కొట్టేసినట్టు చేసింది. బాయిలర్ వెలిగినప్పుడల్లా గొట్టం వేడెక్కి సాగుతుంది. బేస్‌మెంట్ నుంచి కప్పుదాకా అంత పొడవు గొట్టం, పైచివర పావు అంగుళం లేస్తుంది. ఆరిపోగానే దిగుతుంది. చలికాలంలో రోజంతా ఇదే వరస. నా పట్టీ గొట్టాన్ని పట్టుకుంది కాబట్టి గొట్టం లేచినప్పుడల్లా సీసాన్ని పైకి లాగింది, దిగినప్పుడల్లా కిందికి తోసింది. తీగని అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో సీసం అలా తెగింది. ట్యాంకు కదలదు. దాని లోపల ఏ సందూ ఉండకూడదు. గొట్టం కదులుతుంది. దాని చుట్టూ సందు ఉండాలి, ఆ సందు మీద గొడుగు ఉండాలి. సందుని మూసేది జిగురు కాదు, గొడుగే. ఇది అప్రెంటిస్‌కి రెండో ఏడాది నేర్పే పాఠం. నేను అప్రెంటిస్‌షిప్ దాటేసి వచ్చినవాణ్ణి.

మాన్యుయెల్ చిరుగు వెంట వేలు పోనిచ్చి, "అలిసిపోయింది" అన్నాడు. సీసాన్ని ఉద్దేశించే అన్నాడు. నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆయన మోకాళ్ళ మీద మంచు తడి, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. "నువ్వు చెప్పావు" అన్నాను. ఆయన "అవును" అన్నాడు. అంతే.

స్టీలు పట్టీ కోసేసి, చిరుగు మీద తాత్కాలికంగా అంటుకునే పట్టీ వేసి, అటకలోకి దిగాను. నాకు అసలు భయం అక్కడే. సీసం బదులు గట్టి రేకు వేసి ఉంటే తెగేది రేకు కాదు, ఎక్కడో మధ్యలో గొట్టం జాయింట్ వదులయ్యేది. అప్పుడు పసిపిల్లల గది మీదకి వచ్చేది నీరు కాదు, పొగ. జాయింట్లన్నీ ఒక్కొక్కటీ తడిమి, లైటు వేసి చూశాను. తాళాలన్నీ పడే ఉన్నాయి. గ్యాస్ టెక్నీషియన్‌ని పిలిపించి మీటరు పెట్టి కూడా చూపించాను. ఎక్కడా తేడా లేదు.

గురువారం కొత్త తొడుగు చేశాను. పాత కాగితం నమూనా చించేసి మొదటి నుంచీ గీశాను. ఈసారి గొట్టం కొలత కాదు, గొట్టం చుట్టూ చిటికెన వేలు పట్టేంత పెద్ద చుట్టు. అతుకు మీద అలలు ఈసారి ఎలా వచ్చాయో చూసుకోలేదు.

శుక్రవారం పని జరుగుతున్నంత సేపూ బాయిలర్ ఆపాలి. బయట మళ్ళీ మైనస్ పన్నెండు. పిల్లల్ని ఆ రోజుకి తీసుకురావద్దంటే తల్లుల షిఫ్టులు పోతాయి. రెండడుగుల మందం రాతి గోడలు వేడిని రెండు గంటలు పట్టి ఉంచుతాయని నా లెక్క. పది గంటలకి ఆపించాను. రూతమ్మ గారు పిల్లలందరికీ స్వెటర్లు వేసి, హాల్లో ఒక మూల దుప్పట్లతో గుడారం కట్టి కూర్చోబెట్టారు. మాన్యుయెల్ పలకలు తీశాడు, నేను పాతది లాగి కొత్తది దించాను. తొడుగు పలక పై అంచు పైవరస స్లేట్ల కిందికి, కింది అంచు కిందివరస స్లేట్ల మీదికి. పైన మాత్రమే రాగి మేకులు. గొట్టాన్ని ఎక్కడా ముట్టుకోలేదు. గొడుగు రేకుని మాత్రం గొట్టానికి బిగించాం, గొట్టంతో పాటు అదీ లేస్తుంది, దిగుతుంది. పన్నెండుకి అయిదు నిమిషాలుండగా బాయిలర్ వెలిగింది. హాల్లో థర్మోస్టాట్ రెండు డిగ్రీలు దిగిందంతే. గుడారంలో ప్రశాంతి బాబు నిద్రపోతున్నాడు.

ఇక మిగిలింది కాగితం. గ్లెన్ ఆఫీసులోనే టైపు చేసి ఇచ్చాడు. కారణం అన్న చోట "ఉష్ణోగ్రత మార్పుల వల్ల ఫ్లాషింగ్ చిరిగింది" అని ఉంది. అబద్ధం కాదు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో గ్లెన్ అబద్ధం రాయడు, కానీ ఎంత రాయాలో అతనికి తెలుసు. నాకూ అది హాయిగానే అనిపించింది. సంతకం పెట్టేశాను.

మూడు గంటలకి ఏజెన్సీ ఆవిడ వచ్చింది. కోపం లేని మనిషి, నెమ్మదిగా చదివింది. చదివి ఒక ప్రశ్న అడిగింది. ఉష్ణోగ్రత రేపూ మారుతుంది, వచ్చే ఏడాదీ మారుతుంది. మరి ఇది చిరగదని ఎలా చెప్తున్నారు? కారణం సరిగ్గా తెలియకపోతే కప్పంతా ఇంకొకరితో చూపించేదాకా గది తెరవలేనని కూడా చెప్పింది.

రూతమ్మ గారు నా వైపు చూశారు. ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది, అది కాగితం మీద లేదు. ఆ కాగితం వెనక్కి తీసుకుని, టైపు చేసిన వాక్యాన్ని కొట్టేసి, కింద పెన్నుతో రాశాను. తొడుగుని గొట్టానికి బిగించి కట్టడం వల్ల చిరిగింది. అలా కట్టకూడదు. కట్టింది నేను. స్లేట్ వేసిన పనివాడు అప్పుడే వద్దన్నాడు, నేను వినలేదు. ఇప్పుడు చుట్టూ సందు ఉంది, గొట్టం స్వేచ్ఛగా కదులుతుంది. పేరు, లైసెన్సు నంబరు, సంతకం.

బండిలోంచి చిరిగిన తొడుగు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. పట్టీ ఎక్కడ ఉండేదో, చిరుగు ఎక్కడ వచ్చిందో చూపించాను. ఆవిడ కూడా మాన్యుయెల్ లాగే చిరుగు వెంట వేలు పోనిచ్చింది. తర్వాత, ఇదే మీరు మొదట రాయాల్సింది అంది. మేడ మీదికి వెళ్ళి గది చూసి, తలుపు మీది కాగితం తనే చింపి తీసుకుంది.

ఆవిడ వెళ్ళాక రూతమ్మ గారు టీ ఇచ్చారు. "మీ పేరెందుకు రాసుకున్నారండీ? చలి ఎక్కువైందని రాస్తే పోయేది కదా."

"చలి ఏటా వస్తుందండి," అన్నాను.

"అంటే ఆ రోజు కారదని మీరు చెప్పినప్పుడు మీకూ తెలీదన్నమాట."

"తెలుసనుకున్నాను."

"సరే. టీ చల్లారిపోతోంది, తాగండి." మనసులో ఉన్నది దాచుకునే అలవాటు ఆవిడకి లేదు. ఇంకేమన్నా ఉంటే అనేసేవారు.

మూడున్నరకి ప్రశాంతి వచ్చింది. తలుపు మీద కాగితం లేకపోవడం చూసి ముందు రూతమ్మ గారి వైపు, తర్వాత నా వైపు చూసింది. "మండే తీసుకొస్త మరి," అని బాబుని ఎత్తుకుంది. నా కాగితంలో ఏముందో ఆమెకి అక్కర్లేదు.

గ్లెన్‌కి ఆ పెన్ను రాత నచ్చలేదు. అయినా దాని నకలు నా ఉద్యోగం ఫైల్లో పెట్టాడు. నా ఫైల్లో అలాంటి కాగితం అదొక్కటే. వాట్సాప్ గ్రూపులో ఎవరో మళ్ళీ ఏమైందని అడిగితే, "ఆయన చేసిందే కారింది, ఆయనే బాగు చేశారు" అని రూతమ్మ గారు పెట్టారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాన్యుయెల్ దగ్గరికి మాత్రం ఆ ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళి, ఆయన వద్దన్న సంగతి నా చేత్తో రాసిన ఆ కాగితం నకలు ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఈ ఘటన నాకు నేర్పింది రెండు విషయాలు. ఒక చోట నేర్చుకున్న నైపుణ్యం ఇంకో చోట పనికొస్తుందని అనుకోవచ్చు. కానీ అక్కడ దేనికోసం అలా చేసేవాళ్ళమో మర్చిపోయి చేస్తే, చెయ్యి ఎంత బాగుంటే తప్పు అంత బాగా కుదురుతుంది. రెండోది రిపోర్టు గురించి. కారణం అన్న గడిలో వాతావరణాన్ని రాస్తే రేపు ఎవరూ దాన్ని సరిచేయలేరు. మనిషి చేసిన పనిని రాస్తే సరిచేయవచ్చు.

మిగిలిన రెండున్నరేళ్ళలో మా షాపు నుంచి బయటికి వెళ్ళిన ప్రతి పొగ గొట్టం తొడుగునీ నేనే పరీక్షించాను. గొట్టానికీ తొడుగుకీ మధ్య చిటికెన వేలు పెట్టి చుట్టూ తిప్పేవాణ్ణి. వేలు ఎక్కడన్నా ఆగితే, చేసింది ఎవరైనా సరే, సంతకం పెట్టలేదు. అలా ఆగినవి రెండు. అందులో ఒకటి నేను చేసిందే.